బేతమంగళలో పెరిగిన మనవరాలు

నాకు మనవరాలు ఒక్కతే. అయితే పుట్టిన మొదటి ఏడాది మాత్రం ఆమె ఇద్దరుగా పెరిగింది. ఒకతె కోలారు గనుల ఊళ్ళో, మా రేకుల కప్పు కింద, తల్లిపాలు తాగి పెరిగింది. ఇంకొకతె బస్సులో ముప్పావుగంట దూరాన బేతమంగళలో, మా ఆవిడ దగ్గర, నా నోటి మాటలు తాగి పెరిగింది. ఇద్దరిలో రెండో పిల్లే కాస్త చురుకు.

నేను స్కూటర్లకు సీటు కవర్లు కుడతాను. రాబర్ట్‌సన్‌పేటలో చిన్న అంగడి. ఆ పనిలో చేతులకు తీరిక ఉండదు, నోటికి బోలెడు తీరిక. మా నాయన చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో దిగినవాడు. నేను పుట్టిన పూట ఆయన భూమి అడుగున డ్యూటీలో ఉన్నాడనీ, నా మొదటి ఏడుపు బండల్లోంచి ఇంకుతూ దిగి ఆయన చెవిన పడిందనీ గిరాకీలకు చెప్తుంటాను. సగం మంది నమ్ముతారు. మిగతా సగం సీటు పూర్తయ్యేదాకా వేరే దారి లేక వింటారు. మా ఆవిడ ఏ సగంలోనూ లేదు. పెళ్ళయిన వారానికే నా మాటల్లో ఎంత నీళ్ళు, ఎంత పాలు అన్నది ఆమెకు తెలిసిపోయింది.

శివరాత్రి వెళ్ళిన వారానికి మా అమ్మాయి ప్రసవించింది. అంతకు ముందు చలికాలం నుంచే మా ఆవిడ దగ్గుతూ ఉంది. మా ఊళ్ళో దగ్గును ఎవరూ లెక్కచేయరు. ఊరి పక్కన గని తవ్వి పోసిన మట్టి కొండలంత ఉంది, దాన్ని సైనైడ్ దిబ్బలంటాం. గాలి ఇటు తిరిగితే ఆ తెల్లటి పొడి వీధంతా పరుచుకుంటుంది, అన్నం కంచాల మీద కూడా. గనిలో దిగినవాడూ దగ్గుతాడు, గనిని చూడనివాడూ దగ్గుతాడు. "దిబ్బ గాలి" అని, ఇంత మిరియాల కషాయం తాగి ఊరుకుంటాం. మేమూ అట్లాగే ఊరుకున్నాం.

పంతొమ్మిది రోజులు ఆమె ఆ బిడ్డకు తన కాళ్ళ మీద నీళ్ళు పోసింది. చాపిన కాళ్ళ మధ్య బిడ్డను బోర్లా పడుకోబెట్టి, వెన్ను మీద వేడినీళ్ళు ధార కడుతుంటే, ఇల్లంతా ఆవిరి, సాంబ్రాణి పొగ. ఆ పొగలో ఆమె ముఖం ఒకసారి కనపడి, ఒకసారి కరిగిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పంతొమ్మిది రోజులూ ఒకే పొద్దులాగా ఉంటాయి. ఇరవయ్యో రోజు దగ్గుతో పాటు దారపు పోగంత రక్తం వచ్చింది. కోలారు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. టీబీ అన్నారు.

డాక్టరు నెమ్మదైన మనిషి. మందులు సరిగ్గా మింగితే నయమైపోతుందని, భయపడవద్దని, అయితే కఫంలో క్రిములు లేవని తేలేవరకూ పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఉండవద్దని చెప్పాడు. బిడ్డకూ పరీక్ష చేసి, ఏమీ లేదని తేల్చి, ముందుజాగ్రత్తకు ఒక మందు రాశాడు. తిరుగు బస్సులో మా ఆవిడ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"నేను తిరిగొచ్చేలోపల అది నన్ను మర్చిపోతాదా?"

"మర్చిపోయేదానికి అదేమన్నా నీ మొగుడా?" అన్నాను.

"నవ్వించొద్దు. నవ్వితే దగ్గొస్తాది." కొంగు సర్దుకుని మళ్ళీ అంది. "నేను పోయి నెలల తర్వాత వస్తే, ఎవరో కొత్త మనిషని ఏడుస్తాది. అది నన్ను చూసి ఏడిస్తే నేను తట్టుకోలేనయ్యా. ఈ రోగం తట్టుకుంటా, అది తట్టుకోలేను."

ఆ ఏడాదంతా మా ఇంట్లో మిగతా భయాలు వచ్చాయి, పోయాయి. ఈ ఒక్క భయం మాత్రం కదలకుండా కూర్చుంది.

ఆమెను బేతమంగళలో తమ్ముడి ఇంటికి పంపాం. వాళ్ళు పట్టుపురుగులు పెంచుతారు. కొత్త షెడ్డు కట్టుకున్నాక పాతది ఖాళీగా ఉంది. చుట్టూ కిటికీలు, బాగా గాలి ఆడుతుంది. గోడకు ఆనించి పాత చంద్రికలు, అంటే పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు తట్టలు, పెద్దపెద్ద సున్నాల్లా నిలబెట్టి ఉండేవి. వాటి మధ్య మంచం వేసుకుని ఆమె ఉండేది. కిటికీ అవతల మల్బరీ తోట, దాని అవతల చెరువు. మధ్యాహ్నం చెరువు మీది వెలుగు లోపలి కప్పు మీద పడి అల్లల్లాడేది. నేను కిటికీ బయట బండ మీద కూర్చుని మాట్లాడేవాణ్ణి. ఆమె ముఖానికి మాస్కు, కళ్ళు మాత్రం నా మీద.

ఇంట్లో బిడ్డనూ బాలింతనూ చూసేందుకు గౌనిపల్లి నుంచి మా వియ్యపురాలు వచ్చింది. అల్లుడికి తమక అనే ఊరి దగ్గర చిన్న ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చిపోయేవాడు. అత్తగారు వచ్చి కోడలికి పుట్టింటి చాకిరీ చేయడం ఎక్కడా ఉండదు. వీధిలో అడిగినవాళ్ళకు ఆమె జవాబు ఒక్కటే.

"నా మనవరాలు యాడుంటే నేనాడ. పొయ్యి ఎవురిదైతే ఏమి, నీళ్ళు కాగితే చాలు."

ఐదో నెల వచ్చాక అత్తింటికి పోవాల్సిన మా అమ్మాయి కూడా కదలనంది. "అమ్మ వచ్చి దీన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నంక పోతానప్పా. అంతవరకు ఈ గడప దాటేది లేదు."

ఫోనుల్లో ముఖాలు చూసుకునే కాలమే కదా, చూపిస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. ఒకసారి చూపించాం. వియ్యపురాలు అడ్డం పడింది. ఆ ఫోను మూలన బిడ్డకు తన ముఖమే కనపడుతుందట. పండ్లు రాకముందు బిడ్డకు అద్దం చూపకూడదు కనుక ఫోనూ చూపకూడదని తీర్పు చెప్పింది. నేను వాదించబోయాను. అవతలి నుంచి మా ఆవిడే ఒప్పేసుకుంది. "ఆమె చెప్పింది సరే. నాకూ వద్దు. ఆ పలకలో చూస్తే చేతులు గుంజుతా ఉండాయి. నువ్వే వచ్చి చెప్పు."

ఆ విధంగా, మంగళవారం మా అంగడికి సెలవు కాబట్టి, ప్రతి మంగళవారం బిడ్డను మాటల్లో మూటగట్టుకుని బేతమంగళ బస్సు ఎక్కేవాణ్ణి.

రెండు నెలలకు చేసిన పరీక్షలో క్రిములు ఇంకా ఉన్నాయన్నారు. మందులు మార్చారు. కొత్త మందులకు ఆమెకు వాంతులు, నోరంతా ఇనుము రుచి. తిండి మానేసింది. చెంపలు లోపలికి పోయాయి. ఆమె తమ్ముడి భార్య నన్ను తోటలోకి పిలిచి చెప్పింది.

"అన్నా, మాత్రలు కిటికీ గట్టు మీద పెట్టి మల్బరీ ఆకులు లెక్కబెడతా ఉంటాది. నేను అరిస్తే మింగుతాది, లేకుంటే లేదు."

నాలుగో నెలలో బిడ్డ బోర్లా పడింది. మా ఇళ్ళలో దీనికో పద్ధతి ఉంది. బిడ్డ బోర్లా పడితే ఒబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అత్తిరసాలు, మాటలొస్తే సక్కరచ్చులు. చేసి నలుగురికీ పంచాలి. వియ్యపురాలు ఒబ్బట్లు చేసింది. డబ్బా నిండా తీసుకుని వెళ్ళాను. బిడ్డ ఎట్లా తిరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉన్నది ఉన్నట్టంటే, ఒకసారి కాదు, మూడుసార్లు పొర్లి గడప దగ్గర ఆగిందన్నాను, అంతే. మా ఆవిడ మాస్కు కిందికి లాగి రెండు ఒబ్బట్లు తింది. పూర్తిగా. తిని, నెయ్యి అంటిన వేళ్ళు చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది.

మరుసటి మంగళవారం వట్టి చేతులతో వెళ్ళాను. గట్టు మీద పొద్దుటి మాత్రలు అట్లాగే ఉన్నాయి.

"ఏమి విశేషం?" అంది, అడగాలి కాబట్టి అడిగినట్టు.

"పాకింది," అన్నాను.

ఐదు నెలలు కూడా నిండని బిడ్డ. ఆ మాట నా నోట్లోంచి నాకు తెలియకుండానే వచ్చింది. కానీ వచ్చాక చూస్తే, నా ఎదుట కిటికీలో ఆమె వెన్ను నిటారైంది.

"పాకిందా? యాడికి?"

"యాడికేంది, రైలు పట్టాల దాకా పోయింది. మారికుప్పం రైలు వచ్చి, దీన్ని చూసి, హారను కూడా కొట్టకుండా నిలబడిపోయింది. డ్రైవరు దిగొచ్చి, అమ్మా, నువ్వు దాటుకో, మేము తర్వాత పోతాం అన్నాడు. దాటింది. బండి మొత్తం చేతులు ఊపింది."

"పాయసం యాడ?"

"వచ్చే వారం తెస్తా."

"తెస్తావులే." ఆమె నీళ్ళ గ్లాసు తీసుకుని మాత్రలు మింగింది.

ఆ రోజు నుంచి బిడ్డలు ఇద్దరయ్యారు. మా వీధి చివర ఒకావిడ ఇంట్లోనే తీపి వంటలు చేసి అమ్ముతుంది. ఆమె దగ్గర పాయసం పోయించుకుని పోయాను. ఆరో నెలలో గారెలు. ఎనిమిదో నెలలో అత్తిరసాలు. ఇంటి దగ్గర వియ్యపురాలు నా సంచిలో నూనె మరకలు చూసి, "అన్నకు ఈ వయసులో నోరు శానా ఊరతా ఉండాది, చక్కెర జబ్బొస్తాది జాగ్రత్త" అని మా అమ్మాయితో అనేది. బేతమంగళలో ఆ తమ్ముడి భార్య, పద్ధతి తప్పకూడదని, తెచ్చినవన్నీ ఇల్లిల్లూ తిరిగి పంచేది. బస్టాండులో టీ కొట్టతను నన్ను ఆపి, "ఎనిమిది నెలలకే నడిచిందంట కదప్పా మీ మనవరాలు, ఏం పెడతారు దానికి?" అన్నాడు. రాగి సంకటి అని చెప్పి బస్సెక్కాను.

ఇప్పటికీ ఆ బస్సు ప్రయాణాలు నాకు కలలో వచ్చినట్టే వస్తాయి. అద్దానికి తల ఆనించి కునుకు తీస్తుంటే రెండో పిల్ల నాతోపాటే కూర్చునేది. సైనైడ్ దిబ్బ ఎక్కి, నెత్తిన తెల్లటి పొడితో ముసలమ్మలా కూర్చుని ఊరంతా చూసేది. మూతపడ్డ గని మీది పెద్ద చక్రాన్ని ఒక వేలితో తిప్పేది. చెరువు మీద నడిచి అవతలి గట్టున అవ్వ కిటికీ దగ్గరికి వెళ్ళేది, పాదాలు తడవకుండా. కండక్టరు తట్టి లేపేవాడు. దిగేసరికి కథ సిద్ధంగా ఉండేది. నేను కల్పించానని అనుకోలేదు ఎప్పుడూ. దారిలో దొరికింది, తీసుకుపోయి ఇస్తున్నాను, అంతే అనిపించేది.

మొదటి పిల్ల మాత్రం తన దారిన తాను పెరిగింది. చాలా నిదానం. పాకనే లేదు. కూర్చున్నచోటి నుంచి పిరుదుల మీద జరుగుతూ, ఒక చేత్తో నేలను నెట్టుకుంటూ, పడవలాగా ఇల్లంతా తిరిగేది. ఎవరు పిలిచినా ముందు బాగా చూసి, తర్వాత గౌనిపల్లి అవ్వ దగ్గరికే పోయేది. ఆమె కొంగు పట్టుకుంటేనే నిద్ర.

ఏడో నెలలో, వానలు పట్టుకున్న రోజుల్లో, బిడ్డకు జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలాగా కాలింది. ఎవ్వరూ ఆ మాట పైకి అనలేదు కానీ, ముగ్గురి మనసుల్లోనూ ఆ పంతొమ్మిది రోజులు తిరుగుతున్నాయి. కోలారులో మళ్ళీ పరీక్షలు. ఫలితం రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. మధ్యలో మంగళవారం వచ్చింది. మా అమ్మాయి బిడ్డకు తడిగుడ్డ వేస్తూ తల ఎత్తకుండా అంది.

"అమ్మకు చెప్పొద్దప్పా. నువ్వు ఎప్పుడూ చెప్పేదే చెప్పు."

వెళ్ళాను. చూరు నీళ్ళు కారుతున్నాయి, గొడుగు కింద బండ మీద కూర్చున్నాను. ఆ రోజు బిడ్డను మేఘాల మీదికి ఎక్కించాను. బంగారు గని కిందకు దించాను. అక్కడ మా నాయనతో కలిసి భోంచేయించాను, చేపల పులుసు. తిరిగి పైకి తెచ్చి, పట్టుపురుగుల చేత ఉయ్యాల నేయించాను. చెప్తూనే ఉన్నాను. వాన ఆగింది, మళ్ళీ మొదలైంది. మా ఆవిడ ఒక్కసారి కూడా మధ్యలో అడ్డు రాలేదు. చివరికి నేను గుక్క తిప్పుకోవడానికి ఆగితే, మెల్లగా అంది.

"ఈ దినం కత శానా పొడుగుండాది. బిడ్డకు ఒంట్లో బాలేదా?"

నేను గొడుగు పిడిని చూశాను.

"ఎన్ని దినాలైంది?"

"మూడు."

"జ్వరమా? దగ్గుండాదా?"

"జ్వరమే. దగ్గు లేదు. పరీక్ష చేసినారు, రేపు చెప్తారు."

ఆమె ఏడవలేదు. కిటికీ ఊచ పట్టుకుని, పాలు తాగుతోందా, ఒంటికి పోతోందా, కళ్ళు ఎట్లున్నాయి, ఒక్కొక్కటీ అడిగింది. నేను ఒక్కొక్కటికీ జవాబు చెప్పాను. మా ముప్పై ఏళ్ళ కాపురంలో అంత పొడిగా నేను మాట్లాడింది లేదు. చివర్న ఆమె అంది. "కతలు చెప్పు, వద్దనను. అవి లేకుంటే నాకు దినం గడవదు. ఒళ్ళు కాలినప్పుడు మాత్రం కత చెప్పొద్దు."

మరునాడు ఫలితం వచ్చింది. మామూలు జ్వరం, దానికి తోడు కింది చిగుళ్ళలో రెండు పండ్లు. ఫోను చేసి చెప్పాను. "పండ్లొస్తే ఏం పంచాలో తెల్దే" అంది.

అంటే ఆమెకు అంతా తెలుసు. తెలిసీ వింటోంది. నాకు అక్కడితో బుద్ధి రావాల్సింది. రాలేదు.

తొమ్మిదో నెలలో ఒక మంగళవారం ఆమె బాగా నీరసంగా ఉంది. ఇంకో పరీక్ష ఇచ్చి ఎదురుచూస్తోంది. చంద్రికల నీడలు మంచం మీద పడి ఉన్నాయి. గోడవైపు తిరిగి, "ఏం తెచ్చినావు?" అంది. నేను సంచిలోంచి సక్కరచ్చులు తీశాను. చక్కెర పాకాన్ని అచ్చులో పోసి చేసిన చిలకలు, కలశాలు, తెల్లగా, సంతలో దొరికాయి.

"మాటొచ్చిందా?" అని ఇటు తిరిగింది.

"వచ్చింది. అవ్వ అనింది."

ఆమె లేచి కూర్చుంది. కిటికీ దగ్గరికి వచ్చింది. నా ముఖాన్ని, కుట్టు సరిగ్గా పడిందా లేదా అని గిరాకీ సీటును చూసినట్టు, పట్టిపట్టి చూసింది.

"ఏ అవ్వని?"

ఇంట్లో ఉన్న అవ్వ ఒకతే. రోజూ ఎత్తుకునే అవ్వ ఒకతే. అక్కడైనా నేను ఆగి ఉండాల్సింది.

"నిన్నే," అన్నాను. "గోడ మీద నీ పటం ఉండాది కదా, దాన్ని చూపిచ్చి."

ఆమె ఒక చిలకను తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. నేను బస్సుకు లేచేదాకా తినకుండా అట్లాగే పట్టుకుని ఉంది. చెమటకు అది కరిగి, అంచులు పోయి, చివరికి ఏ పిట్టో తెలియకుండా అయిపోయింది.

కార్తీకం దాటి చలి ముదిరాక, వరసగా రెండు పరీక్షల్లో క్రిములు లేవని వచ్చింది. మందులు ఇంకా కొన్నాళ్ళు మింగాలి, కానీ ఇంటికి పోవచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు అని డాక్టరు చెప్పాడు. ఆమె తలంటుకుంది. పెట్టెలోంచి ఉతికిన చీర తీసింది. బస్సులో నా పక్కన కూర్చుని, "నడవదని తెలుసులే" అంది. "పాకదని కూడా తెలుసు. ఇద్దరు బిడ్డల్ని సాకినదాన్ని. ఐదు నెలలకు పాకేది నీ నోట్లోనే."

"తెలిసి ఎందుకు పంచిపెట్టించినావు ఊరంతా?"

"బాగుండింది," అంది.

మా గుమ్మంలో వియ్యపురాలు ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. చాప మీద బిడ్డ, చేతిలో గరిటె. మా ఆవిడ చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, రెండడుగుల దూరంలో కూర్చుని, చేతులు చాచింది. నోరు తెరిచి పిలవలేదు కూడా. బిడ్డ ఆమెను చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. తర్వాత ఆ ఏడుపు. ఊపిరి తిరగనంత ఏడుపు. గరిటె విసిరేసి, ముఖం తిప్పేసుకుని, గౌనిపల్లి అవ్వ మీద పడి మెడ కరుచుకుంది.

వియ్యపురాలు తప్పు చేసినదానిలా నిలబడిపోయింది. "కొత్త కదక్కా. రెండు దినాలకు సరిపోతాది," అంది.

మా ఆవిడ చాచిన చేతులను వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ సాయంత్రం వరండాలో, నేను పక్కన కూర్చుంటే, చెప్పింది.

"నీవి అన్నీ అబద్ధమని తెలుసు నాకు. రైలు, చెరువు, నడక, అన్నీ. ఆ ఒక్కటి మాత్రం, పటం చూసి అవ్వ అనిందంటివే, అది నిజమేమో అనుకున్నా."

నేను జన్మలో చాలామందిని నమ్మించాను. ఎవరినైనా నమ్మించినందుకు నాకు సిగ్గేసింది మాత్రం అదే మొదటిసారి. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. మామూలుగా ఆ సరికి ఏదో ఒకటి దొరికి ఉండేది.

రెండు రోజులకు వియ్యపురాలు, రాగుల కళ్ళం పని ఉందని సంచి సర్దుకుంది. కళ్ళం చూసేందుకు అక్కడ మనుషులున్నారని మా అందరికీ తెలుసు. "నేనుంటే అది ఇంగెవురి దగ్గరికీ రాదన్నా," అని నాతో మాత్రం చెప్పి, బిడ్డ నిద్రలో ఉండగా వెళ్ళిపోయింది. బస్సెక్కేటప్పుడు ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. లేచాక బిడ్డ ఇల్లంతా జరుగుతూ వెతికింది. తల్లి చంకెక్కి, మా ఆవిడ ముఖం కనపడితే చాలు, మళ్ళీ ఏడుపు మొదలు.

మర్నాడు పొద్దున మా ఆవిడ, ముందురోజే నానబెట్టిన అనపగింజల గిన్నె తెచ్చుకుని, నడవలో గోడవైపు తిరిగి కూర్చుంది. చలికాలంలో మా జిల్లాలో ప్రతి ఇంట్లో ఇదే పని. నానిన గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు వేళ్ళకు అంటుకుని, లోపలి పప్పు చెంగున దూకుతుంది. దానితో చేసే పితికిపప్పు కూర కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా చుట్టాలు వస్తారు. ఆమె బిడ్డకు వీపు పెట్టి కూర్చుంది. పిలవలేదు, తిరగలేదు.

"అట్లెందుకమ్మా, ఇటు తిరిగి కూర్చో," అంది మా అమ్మాయి.

"దానికి నా మొహంతోనే కదా పేచీ. వీపుతో ఏముండాది?" అని గింజ నొక్కింది.

నేను ఆమెకు ఎదురుగా, గోడ కింద, ఇంటికి తెచ్చుకున్న సీటు కవరు కుడుతూ కూర్చున్నాను. ఆమె భుజం మీదుగా నాకు బిడ్డ కనపడుతుంది. మొదటి రోజు బిడ్డ ఆ వీపును చూసి కూడా గునిసింది. రెండో రోజు గది గడప అవతల కూర్చుని, పప్పు గిన్నెలో పడే చప్పుడును వింది. మూడో రోజు గడప దాకా జరిగింది. మా ఆవిడ పెదవులు కదపకుండా అడిగేది.

"ఏం చేస్తా ఉండాది?"

"చూస్తా ఉండాది."

"నన్నా, గిన్నెనా?"

"గిన్నెను."

"సరే. ఉన్నదే చెప్పు. జాస్తి చెప్పొద్దు."

నాలుగో రోజు ఎండ నడవలోకి పలచగా వచ్చింది. రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు. వీధిలో పాల బండి వెళ్ళిపోయాక అంతా నిశ్శబ్దం, నీళ్ళ అడుగున ఉన్నట్టు. మా అమ్మాయి వంటింట్లో ఉంది. బిడ్డ గడప మీద పొట్ట ఆనించి, ఒక కాలు వేసి, ఆలోచించి, రెండో కాలు వేసి, ఇవతలికి జారింది.

"గడప దాటింది," అన్నాను.

"ఆ గారెలు ఎప్పుడో తిన్నాం. తర్వాత?"

"నీ వెనకాలకు వస్తా ఉండాది. జరుగుతా ఉండాది. ఆగింది. నువ్వేసిన తోళ్ళు చూస్తా ఉండాది. ఒకటి తీసింది."

"నోట్లో పెట్టుకుంటాదేమో చూడు."

"లేదు. పారేసింది. నీ కొంగు పట్టుకునింది."

గింజ నొక్కుతున్న వేళ్ళు నిదానించాయి. కానీ ఆగలేదు. "ఊఁ," అంది.

బిడ్డ రెండు చేతులతో కొంగును గుప్పిట పట్టి గుంజింది. మోకాళ్ళు లేచాయి. కిందపడింది. ఏడవలేదు. మళ్ళీ గుంజింది. ఒక పాదం నేలకు ఆనింది, వేళ్ళు విచ్చుకున్నాయి. రెండో పాదం. వణుకుతూ, ఊగుతూ, పడవ తెడ్డు వదిలేసినట్టు చేతులు కొంగు వదిలేసి, గాలిలో తేలిపోతున్నట్టు ఉంది.

"నిలబడింది," అన్నాను.

"ఎన్ని తూర్లు నిలబెట్టినావో దాన్ని నువ్వు."

"కాదు, నిలబడింది. పట్టుకోకుండా."

"అత్తిరసాలు యాడ మరి?"

నా చేతిలో సూది అట్లాగే ఉంది. బిడ్డ ఒక అడుగు వేసింది. అది అడుగో, పడబోవడమో నేను చెప్పలేను. రెండు అరచేతులూ ముందుకు చాచుకుని, మా ఆవిడ వీపు మీద వాలింది. చెంపను జాకెట్టు అంచు పైన, మెడ కింద ఒంటికి ఆనించింది. మా ఆవిడ వేళ్ళ మధ్య గింజ అట్లాగే ఉండిపోయింది. ఆమె తల తిప్పలేదు. ఊపిరి కూడా పీల్చడం లేదనుకుంటాను. నేను చెబుదామని నోరు తెరిచాను.

"ఇంగ చెప్పొద్దు," అంది ఆమె, చాలా మెల్లగా. "నాకు తెలస్తా ఉండాది."